విహారిణికి పదడుగుల శిరోవకాశం

తీరప్రాంత సుఖవిహార సంస్థ మేనేజింగ్ డైరెక్టరు పిండిప్రోలు త్రివిక్రమరావు గారి తలకి ఒక శుక్రవారం ఉదయం దెబ్బ తగిలింది. కొట్టింది తెరచాప కింద ఉండే అడ్డకొయ్య. దానికి ఏ దురుద్దేశమూ లేదు. గాలి మళ్ళితే ఈ పక్క నుంచి ఆ పక్కకి తిరగడం దాని పని, తిరిగింది. త్రివిక్రమరావు గారు ఆరడుగుల రెండంగుళాల మనిషి. ఆ దారిలో నిలబడి సముద్రాన్ని పర్యవేక్షిస్తున్నారు.

సరంగు గరికిన ఎల్లాజీ చుక్కాని దగ్గర నుంచి ముందే కేకేశాడు, "తల! తల!" అని. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తన శరీర భాగాన్ని పేరు పెట్టి పిలిచినవాడు లేడు కాబట్టి, ఆ కేక తనని ఉద్దేశించింది కాదనుకున్నారు డైరెక్టరు గారు. తలవంచడం అలవాటు లేని మనిషి. ఎవరి ముందు వంచాలో వాళ్ళంతా రాజధానిలో ఉంటారు.

బొప్పి కట్టింది. నిమ్మకాయంత. ఆయన పడవలోనే ఒక కుర్చీలో కూర్చుని, తడిగుడ్డ నెత్తిన పెట్టుకుని అడిగారు.

"ఇది ఎవరు పెట్టారయ్యా ఇక్కడ?"

"అది లేకపోతే తెరచాప నిలబడదు బాబూ," అన్నాడు ఎల్లాజీ. "మనవే కాస్త ఒంగాల."

"మనమా?" అన్నారు డైరెక్టరు గారు. ఆ ఒక్క మాటతో ఫైలు పుట్టింది.

ఆ పడవ పేరు జలవిహారిణి-1. రెండు లేదు, అయినా ఒకటి అని పెట్టారు, సంస్థకి ముందుచూపు ఉందని తెలియడానికి. ఇరవై మంది యాత్రికులని ఎక్కించుకుని ముత్యాలరేవు నుంచి దీపస్తంభం దాకా వెళ్ళి రావడం దాని ఉద్యోగం. ఎల్లాజీ దగ్గరుండి కట్టించాడు దాన్ని. రేవులో పడవలన్నీ ఇంజన్లకి మారి పాతికేళ్ళయింది. తెరచాపతో పడవ నడపడం తెలిసినవాడు ఆ తీరంలో ఇంక అతనొక్కడే. ఏభై ఎనిమిదేళ్ళ వయసులో సంస్థ వాళ్ళు ఇంటికొచ్చి పిలిస్తే, పోయిన పన్ను మళ్ళీ మొలిచినంత సంబరపడ్డాడు. మూడు నెలలు విహారిణి బాగానే తిరిగింది. మంచి నైరుతి గాలి పట్టిందంటే కొంచెం ఒరిగి, నీళ్ళని కోసుకుంటూ పోయేది. యాత్రికులు తలలు వంచుకుని, తడిసి, కేకలేసి, దిగేటప్పుడు మళ్ళీ ఎప్పుడు అని అడిగేవాళ్ళు.

వాళ్ళెవరి తలకీ దెబ్బ తగల్లేదు. దాంతో సమస్య ఉన్నట్టే సంస్థకి తెలియలేదు.

శిరోఘాత నివారణ కమిటీ సోమవారానికల్లా ఏర్పడింది. దానికి సాంకేతిక సభ్యుడు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సుగుణాకర్ గారు. ఆయన రోడ్లశాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవారు. కాలవల మీద కల్వర్టులు కట్టారు కాబట్టి నీళ్ళ అనుభవం ఉన్నట్టు లెక్క. టేపు పట్టుకుని పడవంతా కొలిచి, అడ్డకొయ్య నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉందని తేల్చారు.

"పడవ అంటే ఏమిటి?" అన్నారు సమావేశంలో. "నీటిమీద గది. మనుషులుండే గదికి పదడుగుల ఎత్తు ఉండాలి. ఇక్కడ సగం కూడా లేదు. ఇన్నాళ్ళూ యాత్రికులు అనధికారికంగా వంగుతున్నారు."

ఎల్లాజీని గుమ్మం దగ్గర నిలబెట్టి అభిప్రాయం అడిగారు.

"కొయ్యని పదడుగులకి లేపితే తెరచాప సగం కత్తిరించాలి బాబూ. మిగిలిన సగం ఎక్కడో నెత్తిమీదుంటాది. అంత ఎత్తులో గాలి తోస్తే పడవ మరీ ఒరిగిపోద్ది."

"గాలి సంస్థ పరిధిలోకి రాదు," అన్నారు త్రివిక్రమరావు గారు. "తల వస్తుంది."

మినిట్స్ రాస్తున్నది సీనియర్ అసిస్టెంటు దమయంతమ్మ. ఆ ఆఫీసులో నలుగురు డైరెక్టర్లని సాగనంపిన మనిషి. ఎల్లాజీ మాటని ఆవిడ ఇలా రాసింది: "సరంగు తన అనుభవపూర్వకమైన హర్షాన్ని సూచనల రూపంలో వ్యక్తం చేశారు."

కొయ్య పైకెళ్ళింది. తెరచాప కింది సగం కోసేశారు. కోసిన గుడ్డని ఎల్లాజీ ఇంటికి తీసుకెళ్ళి మడతపెట్టి అటక మీద పెట్టాడు. కిందికి దిగి గోడకి జారబడ్డాడు. భార్య నూకాలు అన్నం పెట్టి, "ఎవులు పోయినారు?" అనడిగింది.

తరవాతి ట్రయల్‌లో తలకి ఏదీ తగల్లేదు. కానీ పడవ ఎల్లాజీ చెప్పినట్టే ఒరిగింది. డైరెక్టరు గారి చేతిలో కప్పు నుంచి టీ సాసర్లోకి, సాసర్లోంచి ఇంజనీరు గారి ప్యాంటు మీదకి ప్రవహించింది. ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వచ్చింది: విహార సమయంలో నౌక ఏ కారణం చేతనైనా ఒరగరాదు. ఒరిగినచో సరంగు సంజాయిషీ ఇవ్వవలెను.

ఒరగకుండా ఉండడానికి అడుగున సిమెంటు దిమ్మలు పేర్చారు. పడవ ఒక అడుగు నీళ్ళలోకి దిగింది. ఎల్లాజీ రేవు మెట్టు మీద కూర్చుని పడవ పక్కన నీటిగీతని చూశాడు. నిన్నటిదాకా గాలిలో ఉన్న పలక ఇవాళ నీళ్ళలో ఉంది. తన మెడదాకా నీళ్ళొచ్చినట్టు ఉక్కిరిబిక్కిరయ్యాడు.

"ఇంజనీరు బాబూ, బరువెక్కువైపోనాది," అన్నాడు.

"బరువుంటేనే హుందా," అన్నారు సుగుణాకర్ గారు.

ఈలోగా రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి పరిశీలనకి వచ్చారు. ఆయనకి కప్పిన శాలువా తెరచాప స్తంభాన్ని రెండు పక్కలా బిగించి కట్టిన మోకుల్లో చిక్కుకుంది. ఆయన ముందుకి, శాలువా వెనక్కి. క్షణం సేపు పెద్ద అధికారిని ప్రభుత్వ పడవ మెడ పట్టుకుని ఆపింది. ఆయన నవ్వేసి ఊరుకున్నారు గాని, త్రివిక్రమరావు గారు నవ్వలేదు. మర్నాడు కమిటీ మళ్ళీ కూర్చుంది. మోకులు ఫొటోలకి అడ్డమనీ, శాలువాల గౌరవానికి భంగమనీ తీర్మానించి, తీసేయమన్నారు.

ఎల్లాజీ ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. లోపలికొచ్చేశాడు.

"బాబూ, స్తంభాన్ని నిలబెట్టేవే ఆ మోకులు. అవి తీసేస్తే గాలికి కూలిపోద్ది. మనుషుల మీద పడద్ది."

"మా కరెంటు స్తంభాలకి మోకులున్నాయా?" అన్నారు సుగుణాకర్ గారు. "నిలబడటం లేదూ?"

"అవి భూమిలో పాతినవి బాబూ."

ఇంజనీరు గారు కాసేపు ఆలోచించారు. ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూసి ఎల్లాజీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అయితే ఇదీ పాతుదాం," అన్నారు.

స్తంభం మొదట్లో, పడవ పొట్టలో, కాంక్రీటు పోశారు. పడవ ఇంకో అడుగు దిగింది. దాని మీద సోఫాలు, సీలింగు ఫ్యాన్లు, వాటికో జనరేటరు. సోఫాల మీద ఎండ పడకూడదని ఒక గది. నిబంధన ప్రకారం గది ఎత్తు పదడుగులు. గది పైకప్పుకి తగలకుండా అడ్డకొయ్యని పద్నాలుగు అడుగులకి లేపారు. తెరచాపలో మిగిలింది కండువా అంత. దాని మీద సంస్థ చిహ్నం వేయించారు. దాంతో గుడ్డ వృథా కాలేదన్నారు.

మంత్రిగారి చేతుల మీదుగా ప్రారంభోత్సవానికి తేదీ ఖరారైంది. పాత పడవకే కొత్త ప్రారంభోత్సవం. అరవై మంది అతిథులు. ఇరవై మంది పడవ కదా అని దమయంతమ్మ గుర్తుచేస్తే, శిరోవకాశం రెట్టింపు దాటింది కాబట్టి శిరస్సులు కూడా రెట్టింపు దాటవచ్చు అన్నారు డైరెక్టరు గారు. ఇంక మిగిలింది ఒకటే కాగితం. పడవ సముద్రయోగ్యమని సరంగు సంతకం చేసిన ధ్రువపత్రం.

ఎల్లాజీ దమయంతమ్మ బల్ల ముందు నిలబడ్డాడు. అతనికి కూడబలుక్కుని చదవడం వచ్చు, ఆఫీసు తెలుగు రాదు.

"నేను సెప్తాను, మీరు రాయండి అమ్మగారూ. ఇది నీళ్ళలోకెళ్తే మునిగిపోద్ది. అంతే. ఇంకో ముక్కొద్దు."

ఆవిడ కలం ఆపి అతని ముఖంలోకి చూసింది. "నిజంగానా ఎల్లాజీ?"

"మా అమ్మ మీదొట్టు. రేవు దాటి అల తగిలితే చాలు."

"నువ్వు చెప్పినట్టే రాస్తే నిన్ను తీసేసి, సంతకం పెట్టే ఇంకో సరంగుని ఎక్కడినుంచైనా తెస్తారు. నిజం పోకుండా, నీ నౌకరీ పోకుండా రాస్తాను. చదివేవాళ్ళకి బుర్ర ఉంటే ఆపుతారు." అని రాసింది: "ప్రస్తుత స్థితిలో నౌకను సముద్రంలో ప్రవేశపెట్టినచో అది అనతికాలంలోనే సంపూర్ణ జలసాన్నిధ్యమును పొందగలదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

ఎల్లాజీ సంతకం చేశాడు. త్రివిక్రమరావు గారు రెండుసార్లు చదివి, "సంపూర్ణ జలసాన్నిధ్యం! అద్భుతం. ఆహ్వాన పత్రిక మీద వేయించండి," అన్నారు.

పత్రిక మీద బంగారు రంగులో వేశారు. అది చూశాక దమయంతమ్మకి ఆ పూట అన్నం సయించలేదు.

ఎల్లాజీ ఇంటికెళ్ళి గడపలో కూలబడ్డాడు. ఆహ్వానితుల్లో రేవు పిల్లల బడి పంతులమ్మలున్నారు, ఆసుపత్రి నర్సులున్నారు, మంత్రిగారి ముసలి తల్లి ఉంది. పడవ నడపనంటే ఇంకెవరో నడుపుతారు. ఆ పడవ గుణం తెలియనివాడు. నడిపితే అరవై మందిని తన చేత్తో ముంచాలి.

నూకాలు వల బాగుచేస్తూ అంతా వింది. "నువ్వు వద్దంటే ఆళ్ళు ఎప్పుడైనా మానినారా?"

"లేదు."

"మరెందుకు వద్దంటావు? కావాలను. ఆళ్ళకంటే ఎక్కువ కావాలను."

మర్నాడు ఎల్లాజీ ఆఫీసుకి ఒక గంట ముందే వెళ్ళి దమయంతమ్మ కోసం కాచుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒక నోట్ తయారుచేశారు. మాట అతనిది, భాష ఆవిడది. అందులో ఏముందంటే: తలకి తగిలే కొయ్యని నివారించాం, ఒరుగుని నివారించాం, మోకుల్ని నివారించాం. అయినా యాత్రికుల సుఖానికి ఒక మూల అవరోధం మిగిలిపోయింది. అది అల. అలలు ముందస్తు అనుమతి లేకుండా వస్తున్నాయి. వాటి ఎత్తుకి ప్రమాణం లేదు. వాటి వల్ల తల పైకప్పుకి తగిలే అవకాశం కూడా కలదు. కావున నౌకకు, నీటికి మధ్య శాశ్వత ఎడము కల్పించి, తీరమున ఎత్తయిన కాంక్రీటు దిమ్మెలపై నౌకను నెలకొల్పినచో సంపూర్ణ సుఖవిహారము సిద్ధించును.

నోట్ లోపలికెళ్ళింది. గది బయట బెంచీ మీద ఎల్లాజీ చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. నవ్వు వినిపిస్తుందనుకున్నాడు, తిట్లు వినిపిస్తాయనుకున్నాడు. పావుగంటకి తలుపు తెరుచుకుంది. త్రివిక్రమరావు గారు స్వయంగా బయటికొచ్చి అతని భుజం మీద చెయ్యేశారు.

"ఇన్నాళ్ళూ నిన్ను పాతకాలం మనిషివనుకున్నానయ్యా," అన్నారు. ఆయన కళ్ళలో నిజంగానే తడి ఉంది.

పక్కనున్న సుగుణాకర్ గారు కూడా ఎంతో ఊరట పొందారు. భూమ్మీద కట్టడం ఆయనకి వచ్చు.

రెండు క్రేన్లు వచ్చి విహారిణిని నీళ్ళలోంచి లేపాయి. ఎల్లాజీ ఇసుకలో నిలబడి చూశాడు. పడవ అడుగు నుంచి నీళ్ళు ధారలు కట్టి కారుతున్నాయి. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. అరవై ప్రాణాలు మిగిలాయని అతనికి తెలుసు. సంతోషించాలనీ తెలుసు. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. అతిథులు పదకొండు మెట్ల నిచ్చెన ఎక్కి సోఫాల్లో కూర్చున్నారు. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగారు. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి, చుక్కాని చేతబట్టి, ఎడమకి తిప్పారు. చుక్కాని గాలిలో తిరిగింది. జనరేటరు అదురుకి, కొత్త రంగు వాసనకి ముగ్గురు అతిథులకి వాంతులయ్యాయి. సముద్రయానం సహజంగా ఉందనడానికి దాన్నే నిదర్శనంగా చూపించారు డైరెక్టరు గారు. మంత్రిగారి తల్లి ఒక్కతే కిటికీలోంచి కిందికి చూసి, "ఎప్పుడు బయల్దేరుతుందమ్మా?" అని నర్సుని అడిగింది. బయల్దేరి అరగంటయిందని చెప్పారు. దమయంతమ్మ ప్రయాణ రిజిస్టర్లో బయలుదేరిన సమయం పది నలభై అని రాసింది. చేరిన సమయం గడి దగ్గర కలం ఆపింది. ఎక్కడికి చేరినట్టు? అంతలో భోజనాలకి పిలిచారు.

ఆ తరవాత ఎల్లాజీ ఉద్యోగం ఇది. ఉదయం పదింటికి నిచ్చెన ఎక్కాలి. తెల్ల యూనిఫారం, లైఫ్ జాకెట్ వేసుకోవాలి. సాయంత్రం అయిదు దాకా చుక్కాని పట్టుకుని, దూరంగా చూస్తున్నట్టు చూడాలి. యాత్రికులు అతని పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు. ఒక్క ప్రమాదమూ లేని పడవగా విహారిణికి రాష్ట్రస్థాయి భద్రతా ప్రశంస వచ్చింది. ఎండకి పలకలు ఎండి వాటి మధ్య సందులు విచ్చుకున్నాయి. నీళ్ళలో ఉంటే కొయ్య ఉబ్బి అవి తమంతట తామే మూసుకునేవి. ఎల్లాజీ మొదట్లో ఆ సందుల్లో నార, తారు దట్టించాడు. ఇంజనీరు గారు చూసి, సందుల వల్ల గాలి బాగా ఆడుతోందని యాత్రికులు రాశారని చెప్పి ఆపించారు.

ఎదురుగా వంద గజాల్లో సముద్రం. గాలి రోజూ వచ్చేది, అతని చెంప మీద తగిలి వెళ్ళేది. ఏ పక్క నుంచి వస్తోందో, ఎంత బలంగా ఉందో, తెరచాప ఏ వాలుకి తిప్పాలో చేతులకి తెలిసిపోయేది. చేతులు కదలబోయి ఆగిపోయేవి. నాలుగు నెలలు భరించాడు. అయిదో నెలలో రాజీనామా పత్రం తెచ్చి దమయంతమ్మకిచ్చాడు.

"సముద్రం మీదకి పోతానమ్మా," అన్నాడు. "బావమరిది పైడయ్య తెప్పుంది."

ఆవిడ పైకి పంపింది. పది రోజులకి జవాబొచ్చింది. అది చదవడానికి ముందు ఆవిడ అతన్ని కూర్చోమంది.

"నీ రాజీనామా అంగీకరించరట ఎల్లాజీ. నౌక ప్రయాణంలో ఉండగా సరంగు దాన్ని విడిచిపెట్టకూడదని నిబంధన."

"పెయాణమేటమ్మా? అది దిమ్మ మీదుంది గదా."

"రిజిస్టర్లో బయలుదేరినట్టుంది. చేరినట్టు లేదు. ఆఫీసు లెక్కలో విహారిణి నాలుగు నెలలుగా నడిసముద్రంలో ఉంది."

"చేరిందని రాసేయండి."

"నేనూ అదే అన్నాను. ఒడ్డుకి చేరిందంటే ప్రయాణం ముగిసినట్టు, ముగిస్తే సాగుతున్న ప్రయాణానికిచ్చిన ఆ భద్రతా ప్రశంస రద్దు. పైగా, ఒడ్డునున్న పడవ ఒడ్డుకెలా చేరుతుంది, అలా రాస్తే తప్పుడు రికార్డు అవుతుందని సారు కోప్పడ్డారు."

ఎల్లాజీ ఆవిడని, ఆవిడ చేతిలోని కాగితాన్ని మార్చి మార్చి చూశాడు. తరవాత లేచి దణ్ణం పెట్టాడు. నేరుగా పడవ దగ్గరికెళ్ళి నిచ్చెన ఎక్కాడు. లైఫ్ జాకెట్ విప్పి సోఫా మీద పెట్టాడు. యూనిఫారం చొక్కా విప్పి మడిచి దాని పక్కన పెట్టాడు. స్తంభాన్ని ఒకసారి అరచేత్తో తట్టాడు. పదకొండు మెట్లూ దిగి, ఇసుకలో నడుచుకుంటూ, అల అంచున తెప్ప తోస్తున్న పైడయ్య దగ్గరికి పోయి, రెండో పక్క భుజం పెట్టాడు. సోఫాల్లోని యాత్రికులు కిటికీల దగ్గరికి పరిగెత్తారు.

ఒకాయన "మనిషి నీళ్ళలో పడ్డాడు!" అని అరిచి, గోడకి తగిలించిన రబ్బరు చక్రాన్ని విసిరాడు. అది ఇసుకలో నిలువుగా దిగబడింది.

సంస్థ తక్షణమే స్పందించింది. నడిసముద్రంలో ఉన్న నౌక నుంచి సరంగు నీళ్ళలోకి దిగినట్టు ఇరవై ఇద్దరు ప్రత్యక్ష సాక్షులున్నారు. ఎల్లాజీని గల్లంతైనట్టు ప్రకటించారు. గాలింపు కమిటీ ఏర్పడింది. సుగుణాకర్ గారు సాంకేతిక సభ్యుడు.

ఆ సంగతి దమయంతమ్మే రేవులో ఎల్లాజీకి చెప్పింది. అతను తెప్ప మీద పట్టిన చేపలు గంపలో పోసుకుని కూర్చుని ఉన్నాడు. మెడ నల్లబడింది, ఒళ్ళు కొంచెం గట్టిపడింది.

"అయితే నేను దొరకలేదా అమ్మా?"

"ఇంకా లేదు."

అతను కడుపారా నవ్వాడు. వెనకాల చేప తోముతున్న నూకాలు కూడా నవ్వింది. అటక మీది గుడ్డ దించి తెప్పకి తెరచాప కుట్టుకున్నారట, నీళ్ళు కోసుకుంటూ పోతోందట.

ఆదివారాలు త్రివిక్రమరావు గారు స్వయంగా సంచీ పట్టుకుని వస్తారు. చందువా చేపంటే ఆయనకి ప్రాణం.

"ఏం ఎల్లాజీ, బాగున్నావా?"

"తమ దయ బాబూ. ఇవాళ మంచివి పడ్డాయి."

"తోమించి ఇవ్వు. తల ఉంచు, పులుసుకి బాగుంటుంది."

సంచీ నింపుకుని ఇంటికెళతారు. సోమవారం ఆఫీసుకి వచ్చి, దమయంతమ్మ పెట్టిన వారపు నివేదిక మీద విచారంగా తలాడించి, "సరంగు ఆచూకీ ఇంతవరకు తెలియరాలేదు. గాలింపు కొనసాగుతున్నది" అన్న వాక్యం కింద ఆకుపచ్చ సిరాతో సంతకం చేస్తారు.